ప్లేటులో నలుపు

రెండో ఆపరేషన్ రోజు పొద్దున నన్ను చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే అమ్మ నా చెవి దగ్గర వంగి, "దేవుణ్ణి తలుచుకో తల్లీ" అంది. తలుచుకున్నాను. కానీ నా కాలు బాగుచేయమని అడగలేదు. మా పెద్దనాయన మోకాలు కూడా ఇట్లాగే చెడిపోవాలని, ఎవరూ నమ్మని నొప్పితో ఆయన కూడా ఒక్క ఏడాది బతకాలని అడిగాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఇప్పుడు కాలు నేల మీద గట్టిగా ఆనుతోంది. కోపం కూడా అంతే గట్టిగా ఉంది. అందుకే రాస్తున్నాను.

పెద్దనాయన అంటే నాన్నకు అన్న. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం, కోలారు బంగారు గనుల ఊళ్లో, గనులవాళ్లు వరసగా కట్టించిన పాత క్వార్టర్సులో. ఆ వరసలను ఇక్కడ లైన్లు అంటారు. గనులు మూసేసినప్పుడు నేను అమ్మ ఒళ్లో పిల్లను. గనులు నడిచిన రోజుల్లో పెద్దనాయన గనుల ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో గుమాస్తా. డాక్టరు కాదు, ఫొటో తీసేవాడు కూడా కాదు. తడి ప్లేట్లను క్లిప్పులకు తగిలించి ఆరబెట్టడం, నెంబరు రాయడం, కవర్లో పెట్టి డాక్టరు బల్ల మీదికి చేర్చడం ఆయన పని. అన్నేళ్లు అన్ని ప్లేట్లు చేతుల్లోంచి పోయాక చదవడం దానంతటదే వచ్చేసిందని ఆయన నమ్మకం. లైనులో అందరి నమ్మకమూ అదే. ఎవరికి ఎక్స్‌రే తీసినా, డాక్టరు చెప్పింది విన్నాక, కవరు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. ఆయన ముందుగది కిటికీకి ప్లేటు ఆనించి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వెలుతురులో కాసేపు చూసి ఒక్క మాట చెప్పేవాడు. ఫిట్, లేదంటే అన్‌ఫిట్. దానికి ఆయన తీసుకున్నది ఒక కాఫీ, ఒక నమస్కారం. ఎక్స్‌రే సారు అని పేరు.

మా ఊళ్లో ప్లేటు అంటే ఊపిరితిత్తుల ప్లేటే. రాతి దుమ్ము లోపల పేరుకుంటే ప్లేటు మీద తెల్లటి చుక్కలు పడతాయి. తెలుపు కనపడితే ఇంట్లో ఏడుపు. నల్లగా ఉంటే బతికిపోయినట్టు. ఇది ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. నా కాలిని తిన్నది ఈ తెలివే.

*

ఆషాఢమాసం. నేను కోలారు దగ్గరి నరసాపురంలో బండ్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పనికి పోయేదాన్ని. షిఫ్టు అయిపోయి కంపెనీ బస్సు దిగుతుంటే తుంపరకు మెట్టు జారింది. పాదం మెట్టు మీదే ఉండిపోయింది, ఒళ్లు పక్కకు తిరిగింది. మోకాలి లోపల ఎవరో చిటిక వేసినట్టు చప్పుడు. ఇంటికి చేరేసరికి మోకాలు బొప్పాయికాయంత అయింది.

మరుసటి రోజు ఊళ్లోనే ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదు, వాపు తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు. ఆ "మళ్లీ రమ్మన్నాడు" అన్న ముక్క మా ఇంట్లోకి వచ్చాక మాయమైపోయింది. పెద్దనాయన అప్పటికే కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాపి ఉన్నాడు.

"చూడప్పా," అన్నాడు నాన్నతో. "పైన ఎముక, కింద ఎముక. నడాన ఎట్ల ఉండాది? నల్లగా, అద్దం మాదిరి! ఒక్క చుక్క ఉండాదా? ఫిట్."

"వాపు అట్లనే ఉండాది కదన్నా," అన్నాడు నాన్న.

"వాపుకి చింతాకు కట్టండి. పండబెట్టినారంటే కాలు మొద్దుబారి పోతాది. నడిపించల్ల. నేనే పిల్చుకోని పోతా."

నిజంగానే తీసుకుపోయాడు. రోజూ పొద్దున గొడుగు పట్టుకుని ముందు ఆయన, వెనక నేను. సైనైడు పోసి బంగారం లాగేశాక మిగిలిన మట్టి గుట్టలు గుట్టలుగా పోసి ఉంటుంది మా ఊళ్లో, సైనైడు దిబ్బలంటాం. వాటి మీదికి ఎక్కించేవాడు. దారి పొడుగునా పాత కథలు చెప్పేవాడు, నవ్వించేవాడు. ఆయన నన్ను బాధపెట్టాలని చేయలేదని నాకు తెలుసు. తెలిసినా ఏమీ తగ్గలేదు. దిబ్బ దిగేటప్పుడు ప్రతి అడుగుకూ లోపల ఏదో మడతపడి, మళ్లీ విడిపోయేది. చెబితే, "అలవాటు అయ్యేదాకా అట్లనే ఉంటాది" అనేవాడు.

నేను గట్టిగా చెప్పగలిగినదాన్ని కాదు. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లోకి పోయి పుస్తకం పట్టుకునే రకం. నాలాంటి వాళ్లు నొప్పి అని రెండుసార్లు అంటారు. మూడోసారి ఎదుటివాళ్ల ముఖం చూసి ఊరుకుంటారు.

దసరా నాటికి లైనంతా తెలిసిపోయింది. కొళాయి దగ్గర పక్కింటి ఆమె నా బిందె ఎత్తి అందిస్తూనే, "ఏమ్మే, మీ పెద్దనాయన ఫిట్ అనేసినాడంట కదా, ఇంగా కుంటుతా ఉండావే?" అని నవ్వింది. ఆ రోజే పెద్దనాయన నా ఎదుటే, ఇంటికి వచ్చినవాళ్లతో అన్నాడు: "మా పిల్లది నాటకం. చదివే పిల్లలకి ఒళ్లు వంగదు. పని మానేసి పుస్తకం పట్టుకోని కూసుండల్ల, అంతే." అందరూ నవ్వారు. నాన్న కూడా. ఆ నవ్వుల్లో నేను మరచిపోనిది నాన్నదే.

ఆ సాయంకాలం నాకు కావలసింది ఏమిటో తేల్చుకున్నాను. నయం కావడం తరువాత సంగతి. ఈ మనిషి, ఇదే గదిలో, ఇదే జనం ముందు, "నాకు తెలీదు" అనాలి. రెండు మాటలు. అవి ఆయన నోట వినాలి.

*

కార్తీకంలో ఒక రోజు పనికి పోతుంటే కంపెనీ బస్సులోనే మోకాలు బిగుసుకుపోయింది. సగం వంగిన కాలు ముందుకు రాదు, వెనక్కు పోదు. డ్రైవరు, నా పక్కన కూర్చునే అమ్మాయి కలిసి నన్ను చేతుల మీద దింపారు. ఫ్యాక్టరీ నర్సు మోకాలు పట్టుకుని చూసి, "నువ్వు ఎన్ని నెలలుగా ఇట్ల తిరుగుతున్నావు? స్కానింగ్ ఎందుకు చేయించలేదు?" అని కసిరింది. ఆ కసురు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆమె.

ఇంట్లో చెబితే మళ్లీ కిటికీ దగ్గరికి పంచాయితీ పోతుంది. అందుకే అమ్మకు ఒక్కదానికే చెప్పాను. అమ్మ పెరట్లోకి పోయి కాసేపు ఉండి వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి బావగారికి ఎదురు మాట్లాడని మనిషి. ముందుగదిలోకి పోయి, "పిల్లని పిల్చుకోని కోటిలింగాల గుడికి పోయొస్తాం బావా, మొక్కుండాది" అంది. అంత చక్కగా అబద్ధం ఆడగలదని నాకు అప్పుడే తెలిసింది.

బెంగళూరు పోయే పొద్దుటి రైలు, బయలుదేరే మారికుప్పం స్టేషన్లోనే నిండిపోతుంది. రోజూ పోయేవాళ్లకు ఎవరి సీటు వాళ్లకు రాసిపెట్టినట్టే, గుంపులు గుంపులుగా పేకాడుకుంటూ పోతారు. అట్లాంటి ఒక గుంపులోని పెద్దాయన నా కాలు చూసి పేకముక్కలు మూసేశాడు. తమిళంలో ఏదో చెప్పి పక్కవాళ్లను లేపి నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కాలు ఎదురు సీటు మీద చాపుకోమన్నాడు. తరువాత వాళ్లు దారి పొడుగునా నిలబడే పేకాడారు. ఒకాయన వీపు ఇంకొకాయనకు బల్ల.

ఆసుపత్రిలో పిలుపు కోసం కూర్చోవడమే పెద్ద పని. మా పక్కన టేకల్ నుంచి వచ్చిన ఒక రైతు ఇల్లాలు. ఉప్పూ కారం చల్లిన జామకాయ ముక్క నా చేతిలో పెట్టి, "ఈ వయసుకే మోకాలు నొప్పా? మా ఇంట్లో ముసలి ఆవుకి కూడా ఇంగా రాలేదమ్మా!" అంది. అమ్మ మొహం ముడుచుకుంది. నాకు మాత్రం చాలా రోజుల తరువాత నవ్వు వచ్చింది. ఆమె నన్ను నాటకం అనలేదు, ముసలిది అంది. దాంతో నాకు పేచీ లేదు.

డాక్టరమ్మ కన్నడంలో మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను. నా పాత ఎక్స్‌రే దీపం పెట్టె మీద తగిలించి, ఎముకల మధ్య నలుపు మీద వేలు పెట్టింది.

"ఇదేమిటో తెలుసా?"

"క్లీన్‌గా ఉందని," అన్నాను.

"ఇది ఖాళీ అనుకుంటున్నావా? ఖాళీ అయితే పై ఎముక కింద ఎముక మీద పడి ఉండదా? ఇక్కడ మృదులాస్థి ఉంది, ఎముక కొనలను కప్పే మెత్తటి ఎముక. ఎక్స్‌రే దానిలోంచి నేరుగా దాటిపోతుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. ఇందులో అది బాగున్నా నలుపే, చినిగినా నలుపే."

నెలల తరబడి ఆయన కిటికీ దగ్గర నిలబడి మెచ్చుకున్న నలుపు అదే. ఆ నలుపులోనే నా మృదులాస్థి ముక్క చినిగి వేలాడుతోంది. స్కానింగ్‌లో అది కనిపించింది. మొదట్లో గోరంత ఉండి ఉంటుందట, అప్పుడే వచ్చి ఉంటే ఉన్నచోటే అతికించి ఉండేవాళ్లట. ఎక్కీ దిగీ, నలిగీ ఊడీ, ఇప్పుడు ఎముక మీద ఐదు రూపాయల బిళ్లంత చోటు బోసిగా ఉంది.

"ఈ కాలితో గుట్టలు ఎక్కమని ఎవరు చెప్పారు?" అంది డాక్టరమ్మ.

అమ్మ నా వైపు చూసింది. "మా ఇంట్లో ఒక ఎక్స్‌రే సారు ఉన్నారు," అన్నాను. అంతకు ముందు నేను వెటకారంగా మాట్లాడిన గుర్తు లేదు.

*

మృదులాస్థి గురించి ఆ చలికాలమంతా దొరికిందల్లా చదివాను. బళ్లో చెవిదొప్ప మడిచి చూపించి టీచరు చెప్పిన ముక్క తప్ప నాకేమీ తెలియదు. చదివేకొద్దీ అందులోని కణాల మీద ప్రేమ పుట్టింది. ఒక్కో కణం తన చుట్టూ తానే మెత్తటి గోడలు కట్టుకుని, ఆ చిన్న గదిలో దాదాపు ఒంటరిగా ఉండిపోతుంది. దాని దగ్గరికి రక్తం రాదు. నరం రాదు. మనం అడుగు వేసినప్పుడు స్పాంజి పిండినట్టు కీలులోని నీరు బయటికి పోయి, అడుగు ఎత్తినప్పుడు లోపలికి వస్తుంది. ఆ రాకపోకలే దానికి తిండి. అది కట్టిన గోడలే మన బరువంతా మోస్తాయి. చినిగినా అది అరవలేదు, నరం లేదు కదా. చిరుగు ఎముక దాకా పోయాక, చుట్టూ వాచాక అప్పుడు మనకు తెలుస్తుంది. పెద్దయ్యాక అది తనను తాను సరిగా బాగుచేసుకోలేదు కూడా. అరవనిదాన్ని ఎవరూ నమ్మరు. ఇది నేను మోకాలి నుంచి నేర్చుకోలేదు, మా ముందుగది నుంచి నేర్చుకున్నాను.

నాకు చేసిన వైద్యం ఇది. మొదటి ఆపరేషన్లో వేలాడే ముక్క తీసేసి, మోకాలిలోనే బరువు పడని ఒక మూల నుంచి రవ్వంత మంచి మృదులాస్థి గిల్లి తీసుకున్నారు. అందులోని కణాలను వేరుచేసి ప్రయోగశాలలో పెంచుతారు. కొన్ని వారాల తరువాత రెండో ఆపరేషన్లో వాటిని బోసి చోట నింపుతారు. నా ఒంట్లోవే, నాకోసం ఎక్కడో ఒక గాజు గిన్నెలో ఒకటి రెండవుతూ పెరుగుతున్నాయి. ఆ వారాల్లో నాకు వేరే భయం లేదు. అవి చచ్చిపోతాయేమో, నాలాగే బిడియపడి పెరగవేమో అని ఒక్కటే భయం. పెరిగాయి. ఫోను వచ్చిన రోజు అమ్మ పాయసం చేసింది. అప్పటికి ఇంట్లో అబద్ధాలు అయిపోయాయి, అందరికీ తెలుసు. పెద్దనాయన పాయసం తిన్నాడు. "కాలం మారిపోయినాదప్పా, ఏమేమో చేస్తారు," అన్నాడు. అంతే. ఆ రెండు మాటలు మాత్రం అనలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మోకాలు మడతపడుతున్నా, బిగుసుకుంటున్నా, వాపు పోయి మళ్లీ వస్తున్నా, ఎక్స్‌రే బాగుందన్న మాట విని ఊరుకోకండి. ఎముక బాగుందనే దానర్థం. ఇంట్లో ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

*

మాఘంలో రెండో ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చి నన్ను ముందుగదిలో పడుకోబెట్టారు, మంచం పట్టే గది అదొక్కటే. కాలి మీద బరువు మోపకూడదు. కానీ రోజంతా మెల్లగా వంచుతూ చాపుతూ ఉండాలి. కొత్త కణాలకు తిండి అందేది అట్లాగే. కాలు కింద ఒక నున్నటి పలక పెట్టి మడమను ముందుకూ వెనక్కూ జరపడమే నా ఉద్యోగం. వంచిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు. ఇవి అతుక్కోకపోతే ఈ వయసుకే మోకాలు మార్చాలన్న మాట కూడా వస్తుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

ఒక రోజు పెద్దనాయన అది చూసి, వచ్చినవాళ్లకు చూపిస్తూ అన్నాడు: "చూసినారా? ఇప్పుడు డాక్టరమ్మ కూడా కాలు ఆడించు అంటాది. నేను మొదటి దినమే చెప్పింటి. మన మాట ఎవరు వింటారు?"

బరువు మోపి నలగ్గొట్టడం వేరు, బరువు లేకుండా వంచడం వేరు. ఆ మాట రాత్రి డైరీలో, పేజీ చినిగేదాకా కలం నొక్కి రాశాను.

తరువాతి వారం మా ఊరి దగ్గరి బేతమంగళ నుంచి ఒక రైతు ఇల్లాలు వచ్చింది. పాలు పితికేటప్పుడు గొంతుక్కూర్చుంటే లేవలేకపోతోంది. పెద్దనాయన ప్లేటు కిటికీకి ఆనించి, కళ్లద్దాలు పైకి తోశాడు.

"నడాన చూడమ్మా, ఎంత నల్లగా ఉండాదో. ఫిట్. పోయి పని చేసుకో."

"నొప్పి పోలేదు సామీ."

"అంతా మనసులో ఉంటాది."

"అక్కా," అన్నాను మంచం మీద నుంచి.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆ గదిలో బయటివాళ్లతో నేను మాట్లాడడం అదే మొదలు. నా గొంతు నాకే పరాయిగా ఉంది.

"అక్కా, ప్లేటులో ఎముకే కనపడేది. మెత్తటి ఎముక కనపడదు. ఆ నలుపులోనే ఉంటాది అది. చినిగినా నల్లగానే ఉంటాది. నాది అట్లనే నలుపని చెప్పినారు. నా కాలు చూడు."

దుప్పటి తీసి కుట్లు చూపించాను. ఆమె ప్లేటు వైపు చూసింది, కాలి వైపు చూసింది, కవరు చంకలో పెట్టుకుంది.

"గమ్మునుండు అమ్మాయ్!" అన్నాడు పెద్దనాయన. "పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు..."

"అయితే మీరే చెప్పండి పెద్దనాయనా. ఆ నలుపులో ఏముండాది?"

"నాకు తెలీదు" అని ఆయన ఆ ఒక్కసారి అని ఉంటే, నేను అక్కడితో ఆపేసేదాన్నేమో. కాఫీ చల్లారిందని అమ్మ మీద అరిచాడు.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా అదే మాట చెప్పాను. ఆయన ప్లేట్లు తీసుకుని బయటికి, గేటు దగ్గరికి పోయి ఎండలో చూడడం మొదలుపెట్టాడు. నేను అమ్మను అడిగి మంచం వాకిటి దగ్గరికి జరిపించుకున్నాను. మంచం కోడు పట్టుకుని ఈడ్చేటప్పుడు ఆమె ముఖంలో చిన్న నవ్వు ఉంది.

నేను చెప్పినవన్నీ నిజం కాలేదు. మా లైనులోనే ఒకాయన నా మాట విని కోలారు దాకా పోయి, ఏమీ లేదనిపించుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. "కొత్త డాక్టరమ్మ వచ్చినాది మన లైనుకి!" అని పెద్దనాయన వారం రోజులు నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. కానీ మామిడికాయల కాలానికి బేతమంగళ ఆమె మళ్లీ వచ్చింది. ఆమెకు లోపల చిరుగే ఉందట, వేళకు దొరికిందట. సంచీ నిండా కాయలు తెచ్చింది. కిటికీ దగ్గర కూర్చున్న ఆయనను దాటి వచ్చి, సంచీ నా మంచం మీద పెట్టి, నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన నమస్కారం కోసం తల ఎత్తాడు. ఆమె చూడలేదు. ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. మామిడికాయ కంటే పుల్లగా, తియ్యగా ఉంటుంది.

ఆ తరువాత రావడం తగ్గింది. ఆనక ఆగిపోయింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఊరికే కూర్చునేవాడు, చేతులు తొడల మీద పెట్టుకుని.

*

ఇప్పుడు నడుస్తున్నాను. గొంతుక్కూర్చోలేను, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను. డాక్టరమ్మ కొత్త స్కానింగ్ చూసి, బోసి చోట నిండిందని చెప్పింది. పాత మృదులాస్థి అంత నున్నగా ఉండదేమోగానీ, ఎముకను కప్పిందట. నరసాపురంలో కూర్చుని చేసే పని ఇచ్చారు. నాన్న ఒక రోజు నా చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. నాన్న లెక్క నాకు తీరిపోయింది.

పెద్దనాయన లెక్క తీరలేదు. శ్రావణంలో ఆయన హోసూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. ఇక్కడ ఏం తోచడం లేదని అన్నాడు. ఆటో వచ్చింది, పెట్టె ఎక్కించారు. లైనులో వాకిళ్ల దగ్గర కొందరు నిలబడి చూస్తున్నారు. నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి ఆటో దాకా వెళ్లాను. ఆయన చూడాలనే వెళ్లాను. ఆ రెండు మాటలు ఇప్పుడైనా అంటాడేమోనని కూడా.

అనలేదు. అప్పటి నుంచి ఫోను చేస్తే నాన్నతోనే మాట్లాడతాడు, నన్ను అడగడు. ఆ రోజు ఆయన అడిగినదానికి నేను అవునన్నాను. ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఆటోలో కూర్చుని, నా కాలి వైపు కాసేపు చూసి, లైను వైపు చూసి, అందరికీ వినపడేంత గట్టిగా కాదుగానీ నాకు వినపడేట్టు ఆయన అడిగింది ఇది:

"ఒక్కరు గూడా రాకుండా చేసేస్తివి కదమ్మా. ఇంగ సంతోషమేనా?"